నారు పోసినవాడే నీరూ పోయాలి

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే అలెక్స్ స్మిత్ చేతకాని క్వార్టర్‌బ్యాక్ అని, అంటే జట్టు దాడిని నడపడం రానివాడని, నేను మూడేళ్ల పాటు వాదించాను. 2007 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి మిల్వాకీ వచ్చాను. మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న నలుగురిలో ఒకడు అంతకుముందు ఏడాది శాన్‌హోసేలో వాళ్ల అన్నయ్య దగ్గర ఉండి వచ్చాడు. వాడికి స్మిత్ ఆడే శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ఫోర్టీనైనర్స్ అంటే ప్రాణం. నాకు ఈ ఆట కొత్త. కానీ విస్కాన్సిన్‌లో ఉంటూ గ్రీన్ బే ప్యాకర్స్ గాలి సోకకుండా ఉండడం కుదరదు. ఆదివారం కూరగాయలకు వెళ్తే బిల్లు కొట్టే ఆవిడ కూడా ఆకుపచ్చ జెర్సీలోనే ఉంటుంది. రెండు నెలల్లో నేనూ ప్యాకర్స్ మనిషినయ్యాను. తర్వాత మా గొడవలన్నీ ఒకే చోటికి వచ్చి ఆగేవి. 2005 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, అందరికంటే ముందు మీవాళ్లు స్మిత్‌ని ఎంచుకున్నారు. 24వ ఆటగాడిగా మావాళ్లు ఆరన్ రాడ్జర్స్‌ని తీసుకున్నారు. మరి తెలివి ఎవరిది?

2011లో అదే స్మిత్, అదే జట్టుతో 13 మ్యాచ్‌లు గెలిచి మూడే ఓడాడు. జనవరిలో న్యూ ఆర్లియన్స్ మీద చివరి తొమ్మిది సెకన్లు మిగిలి ఉండగా వెర్నన్ డేవిస్‌కి టచ్‌డౌన్ పాస్ వేసి ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్ గెలిపించాడు. ఆ రాత్రి మా వాడు ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు: "ఇప్పటిదాకా వాడికి ఎంతమంది కోచ్‌లు మారారో ఎప్పుడైనా లెక్కపెట్టావా?"

లెక్కపెట్టాను. అఫెన్సివ్ కోఆర్డినేటర్లు, అంటే దాడి ఎలా సాగాలో రాసి నేర్పే కోచ్‌లు: 2005లో మైక్ మెకార్తీ. 2006లో నార్వ్ టర్నర్. 2007లో జిమ్ హాస్లర్. 2008లో మైక్ మార్ట్జ్. 2009లో జిమ్మీ రే. 2010లో మూడు మ్యాచ్‌లకే ఆయన్ని తీసేసి మైక్ జాన్సన్. 2011లో గ్రెగ్ రోమన్. ఏడు సీజన్లు, ఏడుగురు. పైన హెడ్ కోచ్‌లు వేరే: మైక్ నోలన్ పోయి మైక్ సింగిల్టరీ, ఆయన పోయి జిమ్ హార్బా. మొదటి ఏడాది స్మిత్ ఒక్క టచ్‌డౌన్ పాస్ వేసి 11 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతిలో పడ్డ పాస్‌లు) ఇచ్చాడని నేను ఎన్నిసార్లు ఎత్తిపొడిచానో. ఈ ఏడు పేర్లు మాత్రం నా వాదనలో ఎప్పుడూ రాలేదు.

ఈ ఆట చూడనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ప్రతి దాడీ క్వార్టర్‌బ్యాక్ చేతిలో మొదలవుతుంది. ఏ ఎత్తు వేయాలో కోచ్ అతని హెల్మెట్‌లోని రేడియోలో చెబుతాడు. గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆ రేడియో ఆగిపోతుంది. ఆలోగా విన్నది మిగతా పదిమందికి చెప్పాలి, ఎదురుగా నిలబడినవాళ్లను చదవాలి, అవసరమైతే ఎత్తు మార్చాలి. ఆ ఎత్తులన్నీ ఉండే పుస్తకమే ప్లేబుక్. ఒక్కో కోచ్‌ది ఒక్కో భాష. మెకార్తీ వచ్చిన సంప్రదాయంలో పరుగుల దారులకు పేర్లుంటాయి. టర్నర్ సంప్రదాయంలో అంకెలుంటాయి. ఒక ఏడాది మాటల్లో నేర్చుకున్నదాన్ని మరుసటి ఏడాది అంకెల్లో నేర్చుకోవాలి, ఆ పై ఏడాది ఇంకోలా. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడ్డవాళ్లకు ఆ మొదటి ఆరు నెలలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. స్మిత్‌కి ప్రతి ఏడాదీ ఆ మొదటి ఆరు నెలలే.

ఇక రాడ్జర్స్ వైపు చూడండి. ఆ డ్రాఫ్ట్ రోజు న్యూయార్క్‌లో అందరి ముందు, కెమెరాల ముందు, గంటల తరబడి కూర్చున్నాడు. ఉత్తర కాలిఫోర్నియా కుర్రవాడు, ఫోర్టీనైనర్స్‌ని చూస్తూ పెరిగినవాడు. వాళ్లే వద్దన్నారు. గ్రీన్ బే తీసుకుంది కానీ అక్కడ బ్రెట్ ఫార్వ్ ఉన్నాడు. 1992 సెప్టెంబరు నుంచి ఒక్క మ్యాచ్ కూడా మానని మనిషి. రాడ్జర్స్ మూడేళ్లు బల్ల మీద కూర్చున్నాడు. ఆ మొదటి సీజన్‌లో ప్యాకర్స్ నాలుగే గెలిచి పన్నెండు ఓడింది. హెడ్ కోచ్ మైక్ షర్మన్‌ని తీసేశారు. 2006 జనవరిలో ఆయన స్థానంలో ఎవరు వచ్చారో తెలుసా? మైక్ మెకార్తీ. స్మిత్ మొదటి కోఆర్డినేటర్.

నన్ను ఇప్పటికీ కుదిపేసే సంగతి ఇదే. ఒకే డ్రాఫ్ట్, ఇద్దరు కుర్రవాళ్లు. ఒకడి దగ్గర ఒక్క ఏడాది ఉండి వెళ్లిపోయిన గురువే రెండోవాడి దగ్గర పదమూడు సీజన్లు ఉన్నాడు. ఎండాకాలంలో క్వార్టర్‌బ్యాక్‌లను కూర్చోబెట్టి పాదం ఎక్కడ పెట్టాలి, బంతి ఎంత ఎత్తులో పట్టుకోవాలి అన్నదగ్గర్నుంచి మెకార్తీ దిద్దేవాడు. కాలేజీలో రాడ్జర్స్ బంతిని చెవి దగ్గరకు ఎత్తి పట్టుకునేవాడు. అది దించారు. పక్కనే టామ్ క్లెమెంట్స్ అనే క్వార్టర్‌బ్యాక్ కోచ్, ఆయనా 2006లోనే వచ్చాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మాది తణుకు దగ్గర పల్లె. సార్వాకి నాన్న నారుమడి ఒక మూల విడిగా కట్టేవారు. పాతిక, ముప్పై రోజులు ఆ చిన్న మడి మీదే ఇంట్లో అందరి కళ్లూ. నీరు ఎక్కువైనా తక్కువైనా నాన్నకు నిద్ర పట్టేది కాదు. ఒకసారి నాన్నకు జబ్బు చేసి వారం రోజులు ఆసుపత్రిలో ఉంటే మడి చూసుకునే పని ముగ్గురికి మారింది. ఒకరు నీరు నిండా పెట్టారు, ఒకరు తీసేశారు, మూడో ఆయన తనకు తోచిన ఎరువు చల్లారు. ముగ్గురూ మంచి రైతులే. నారు మాత్రం పాడైంది. నారు పోసినవాడు నీరు పోయడా అని దేవుడి గురించి అంటాం. కోచ్‌ల గురించి కూడా అనాలని నాకు చాలాకాలంగా ఉంది.

ఎందుకంటే ఈ జట్లన్నీ ఆడే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏటా జరిగే తంతు దీనికి సరిగ్గా వ్యతిరేకం. సీజన్ ముగిసిన మర్నాడు సోమవారం, బ్లాక్ మండే అంటారు, వరుసగా కోచ్‌ల తలలు ఎగురుతాయి. అభిమానులు తృప్తి పడతారు, నేనూ పడ్డాను. తీసేసిన కోచ్ ఎంచుకున్న 22 ఏళ్ల కుర్రవాడు మాత్రం అదే గదిలో, ఇంకో పుస్తకం ముందు కూర్చుని ఉంటాడు. కొత్తగా వచ్చినవాడికి అతను తను ఎంచుకున్నవాడు కాడు. ఏడాది ఆడక ముందే "మన వాడు కాడు" అన్న మాట మొదలవుతుంది.

షికాగో బేర్స్ సంగతి చూస్తే గుండె తరుక్కుపోతుంది. మా డివిజన్‌లో మాకు ఆగర్భ శత్రువులు, అయినా. 2017లో మిచెల్ ట్రుబిస్కీని రెండో ఆటగాడిగా తీసుకున్నారు. ఆ సీజన్ కాగానే కోచ్ జాన్ ఫాక్స్‌ని తీసేశారు. 2021లో జస్టిన్ ఫీల్డ్స్‌ని తీసుకున్నారు. ఆ సీజన్ కాగానే కోచ్ మ్యాట్ నేగీని తీసేశారు. 2024లో కేలబ్ విలియమ్స్‌ని అందరికంటే ముందు తీసుకున్నారు. ఈసారి సీజన్ కూడా ఆగలేదు. నవంబరులో ముందు కోఆర్డినేటర్ షేన్ వాల్డ్రన్, థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు హెడ్ కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లూస్. ఆ ఏడాది విలియమ్స్‌ని 68 సార్లు నేలకూల్చారు. ముగ్గురు కుర్రవాళ్లు, ముగ్గురికీ మొదటి కోచ్ మొదటి ఏడాదితోనే సరి. ఆ కోచ్‌లు గొప్పవాళ్లని నేననడం లేదు. తీసేయాల్సినవాళ్లయితే డ్రాఫ్ట్‌కి ముందే ఎందుకు తీసేయలేదు అన్నదే నా ప్రశ్న. ఎలాగూ ఏడాదిలో పంపించే మనిషి చేత పదేళ్ల విత్తనం ఎందుకు వేయించాలి?

2008 వేసవికి వస్తాను. ఆ ఏడు జనవరి 20న ప్యాకర్స్ సొంత మైదానం లాంబో ఫీల్డ్‌లో న్యూయార్క్ జెయింట్స్‌తో మ్యాచ్, గెలిస్తే సూపర్ బౌల్, అంటే ఫైనల్. మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలి. మేం నలుగురం హీటర్ పక్కన కూర్చుని చూశాం. ఓవర్‌టైమ్‌లో ఫార్వ్ వేసిన బంతి కోరీ వెబ్‌స్టర్ చేతిలో పడింది. గ్రీన్ బే జెర్సీలో అదే ఆయన చివరి పాస్. మార్చిలో కన్నీళ్లతో రిటైర్మెంట్ ప్రకటించాడు. జూలైకి మనసు మార్చుకున్నాడు, తిరిగి వస్తానన్నాడు.

అప్పుడు జట్టు ఏం చేయాలి? మా యూనివర్సిటీ లాబ్‌లో పనిచేసే ఒక పెద్దాయన, పుట్టిపెరిగింది గ్రీన్ బేలోనే, ఆ నెలంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఇంటి పెద్దకొడుకుని వెళ్లగొడుతున్నట్టుంది అన్నాడు. జనరల్ మేనేజర్ టెడ్ థాంప్సన్, మెకార్తీ ఇద్దరూ గట్టిగా నిలబడ్డారు. రాడ్జర్స్‌కి మాట ఇచ్చాం, ముందుకు వెళ్తున్నాం అన్నారు. ఆగస్టులో ఫార్వ్‌ని న్యూయార్క్ జెట్స్‌కి పంపారు. ప్రాక్టీసులో రాడ్జర్స్ బంతి తప్పు వేస్తే సొంత ఊరి జనమే అరిచారు.

ఆ సీజన్ ఫలితం ఆరు గెలుపులు, పది ఓటములు. అంతకుముందు ఏడాది సూపర్ బౌల్ గుమ్మం దాకా వెళ్లిన జట్టు! చాలా జట్లలో ఈ పరిస్థితిలో కోచ్ పోతాడు. కోచ్ పోతే ఆ పై ఏడాది కొత్త కోచ్ కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని వెతుక్కుంటాడు. గ్రీన్ బేలో డిఫెన్స్ కోచ్‌లను మార్చారు కానీ మెకార్తీని కదపలేదు, రాడ్జర్స్‌ని కదపలేదు. మరుసటి ఏడాది పదకొండు గెలుపులు. 2011 ఫిబ్రవరి 6న ఆర్లింగ్‌టన్‌లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మీద 31-25తో సూపర్ బౌల్. ఆ మ్యాచ్ ఉత్తమ ఆటగాడు రాడ్జర్స్. జనం ఆ ఫిబ్రవరి రాత్రిని తలుచుకుంటారు. నేను మాత్రం 2009 జనవరిలో ఆ ఇద్దరినీ కదపకుండా ఊరుకున్న ఆ వారాన్ని తలుచుకుంటాను.

ఆ ఓపిక ఎక్కడినుంచి వచ్చింది? నాకు తోచిన కారణం ఒకటుంది. గ్రీన్ బేకి యజమాని లేడు. లక్ష మంది ఉండే చిన్న ఊరు, జట్టు 1923 నుంచి వాటాదార్లది. ఇప్పుడు అయిదు లక్షల మందికి పైగా వాటాదార్లున్నారు. ఆ వాటాకి లాభం పంచరు, దాన్ని బజారులో అమ్ముకోలేరు. గోడకు తగిలించుకునే కాగితం, అంతే. నాకు పరిచయమున్న కుటుంబాల్లో చాలామంది ముందుగదిలో తాత ఫోటో పక్కన అది ఉంటుంది. దీనివల్ల ఓడిన రాత్రి కోపంతో ఫోన్ ఎత్తి మర్నాడు పొద్దున్నే కోచ్‌ని మార్చేసే ఒక్క మనిషి ఆ జట్టుకి లేడు. ఇతర జట్ల యజమానులందరూ తొందరపాటు మనుషులని కాదు, ఓపికకు పేరున్న స్టీలర్స్ యజమానులు రూనీ కుటుంబం ఉంది కదా. కానీ ఓపిక ఒక్కరి స్వభావం మీద ఆధారపడడం వేరు, ఏర్పాటులోనే ఉండడం వేరు.

ఇక్కడ నా వాదనకు ఎదురొచ్చే మాట ఒకటి ఉంది, నిజాయితీగా ఒప్పుకోవాలి. కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని ఆడించకుండా కూర్చోబెట్టడం ఇప్పుడు ఖరీదైన వ్యవహారం. 2010లో మొదటి ఆటగాడిగా వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. మరుసటి ఏడాది కొత్త ఒప్పందం వచ్చింది, అదే స్థానంలో వచ్చిన క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు 2.2 కోట్లు. అప్పటినుంచి కొత్త క్వార్టర్‌బ్యాక్ అంటే చవగ్గా దొరికే నాలుగైదేళ్లు. ఆ చవక రోజుల్లోనే మిగిలిన డబ్బుతో చుట్టూ మంచి ఆటగాళ్లను కొనుక్కుని గెలవాలి. కూర్చోబెట్టిన ప్రతి ఏడాదీ ఆ చవక రోజుల్లోంచి కరిగిపోతుంది. ముదురు నారు ఊడ్చినా పిలక వేయదని నాన్న అనేవారు. అదీ నిజమే. న్యూ ఇంగ్లాండ్ జట్టు 2014లో కుర్ర క్వార్టర్‌బ్యాక్ జిమ్మీ గరాపొలోని టామ్ బ్రేడీ వెనక పెట్టుకుంది. బ్రేడీ ముసలివాడు కాలేదు, గరాపొలో కాంట్రాక్ట్ మాత్రం అయిపోవచ్చింది. 2017 అక్టోబరులో డ్రాఫ్ట్‌లో ఒక రెండో రౌండ్ పిక్ (ఎంపిక హక్కు) తీసుకుని గరాపొలోని ఇచ్చేశారు. 2020లో బ్రేడీ వెళ్లిపోయాడు, ఆ సీజన్‌లోనే టాంపా బేతో సూపర్ బౌల్ కొట్టాడు. మడి ఖాళీ. తర్వాత వచ్చిన మ్యాక్ జోన్స్ మొదటి ఏడాది బాగానే ఆడాడు. అతని కోఆర్డినేటర్ జాష్ మెక్‌డానియల్స్ రెయిడర్స్‌కి వెళ్లిపోగానే దాడిని నడిపించే పని డిఫెన్స్ మనిషి మ్యాట్ ప్యాట్రీషియాకి అప్పగించారు. ఆ జట్టులో ఆ కుర్రవాడు మళ్లీ తేరుకోలేదు. బిల్ బెలిచిక్ అంతటి కోచే ఈ తప్పు చేశాడంటే మిగతావాళ్ల సంగతి ఏమనాలి.

ఇంకో ఎదురు మాట కూడా ఉంది. గొప్ప క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ ఒక్కరోజు కూర్చోలేదు కదా? 1998లో వచ్చిన మొదటి మ్యాచ్ నుంచీ ఆడాడు. మూడు గెలిచి పదమూడు ఓడాడు, 28 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. అయినా అంతవాడయ్యాడు. నిజం. కానీ అతని కోఆర్డినేటర్ ఎవరు? టామ్ మూర్. 1998లో మానింగ్‌తో పాటే ఇండియానాపొలిస్ వచ్చి పదేళ్లకు పైగా అదే పుస్తకం నేర్పాడు. హెడ్ కోచ్‌లు మారినా ఆ పుస్తకం మారలేదు. కాబట్టి నేను కూర్చోబెట్టడం గురించి మాట్లాడడం లేదు. మా వైపు ఇప్పుడు నారు, ఊడ్పు లేకుండా నేరుగా పొలంలో వెదజల్లుతున్నారు, పంట వస్తోంది. నారు పోశావా వెదజల్లావా అన్నది కాదు, కోత దాకా గట్టు మీద అదే మనిషి ఉన్నాడా లేదా అన్నదే లెక్క.

2020కి వద్దాం. అప్పటికి మెకార్తీ లేడు. 2018 డిసెంబరు 2న సొంత మైదానంలో అరిజోనా చేతిలో ఓడిన రాత్రే పంపించేశారు. పదమూడు సీజన్ల తర్వాత ఆ మాటలు రాడ్జర్స్ చెవికి ఎక్కడం లేదని మైదానంలోనే కనిపించింది. కోచ్‌ని ఎప్పటికీ మార్చొద్దని నేననను. మార్చాల్సిన ఆ వేళ నాకూ ఏడుపొచ్చింది, అది వేరే సంగతి. మ్యాట్ లఫ్లూర్ వచ్చాడు, అప్పటికి 39 ఏళ్లు. మొదటి ఏడాదే 13 గెలుపులు. ఒక్క మ్యాచ్ గెలిస్తే సూపర్ బౌల్ అనే దగ్గర ఆగాం. డ్రాఫ్ట్‌లో ఒక మంచి రిసీవర్ని, అంటే పాస్‌లు అందుకునేవాణ్ణి, తీసుకుంటే చాలు అని విస్కాన్సిన్ అంతా ఎదురుచూస్తోంది. ఏప్రిల్ 23, కోవిడ్ రోజులు, అందరూ ఇళ్లలోనే. జనరల్ మేనేజర్ బ్రయన్ గూటెకున్స్ట్ నాలుగో రౌండ్ పిక్ వదులుకుని మరీ 26వ స్థానానికి పైకొచ్చి యూటా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌ని తీసుకున్నాడు.

పిల్ల నిద్రపోతోందని గట్టిగా అరవలేక వరండాలోకి వెళ్లి డాలస్‌లో ఉన్న బావకి ఫోన్ చేశాను. పావుగంట తిట్టాను. రాడ్జర్స్ వయసు 36, ఇంకా నాలుగేళ్ల కాంట్రాక్ట్ ఉంది, ఇప్పుడు వారసుడు ఎందుకు? రాడ్జర్స్ ఆ కోపాన్ని మైదానంలో చూపించాడు. 2020లోనూ 2021లోనూ లీగ్ ఉత్తమ ఆటగాడు (ఎం.వి.పి.) అతనే. కానీ రెండుసార్లూ జనవరిలో లాంబోలోనే ఓడాం. బ్రేడీ టాంపా బే చేతిలో 31-26, మరుసటి ఏడాది ఫోర్టీనైనర్స్ చేతిలో 13-10. ఆ టాంపా మ్యాచ్‌లో ఇంకో రిసీవర్ ఉండి ఉంటే? నేనిప్పటికీ ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేను. చెప్పగలనన్నవాళ్లను నమ్మను.

అయినా ఇన్నేళ్ల తర్వాత నా అభిప్రాయం మారింది. ఎంపిక సరైనదే. చేసిన తీరు సరైనది కాదు.

తీరు గురించి ముందు చెబుతాను, ఎందుకంటే అది నాకు తగిలిన దెబ్బ. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక కుర్రవాణ్ణి తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. నీ పని కాస్త చూపించు, టీం పెరుగుతోంది అన్నారు. ఎనిమిది నెలలు దాచుకోకుండా నేర్పాను. ఆ తర్వాత ఒక శుక్రవారం పిలిచి నా స్థానంలో అతను అని చెప్పారు. ఆ కుర్రవాడికి మొదటిరోజు నుంచీ తెలుసట. నాకే చెప్పలేదు. ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ ఎనిమిది నెలలు రోజూ నాతో టీ తాగిన మనుషులు ఒక్క మాట చెప్పనందుకు నాకు చాలా రాత్రులు నిద్ర లేదు. 2021 జూలైలో రాడ్జర్స్ విలేకరుల ముందు కూర్చుని, నన్ను సంప్రదించండి, నా పనికి సంబంధించిన నిర్ణయాల్లో నన్నూ కూర్చోబెట్టండి అని అడిగినప్పుడు కోట్లు సంపాదించేవాడికి ఇదేం బాధ అని చాలామంది అన్నారు. నేననలేదు. ఆ మధ్య అట్లాంటా కూడా ఇదే చేసింది. 2024 మార్చిలో క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్‌కి నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్లు ఇచ్చి, ఏప్రిల్‌లో ఎనిమిదో ఆటగాడిగా ఇంకో క్వార్టర్‌బ్యాక్ మైకల్ పెనిక్స్‌ని తీసుకుంది. కజిన్స్‌కి సంగతి తెలిసింది పిక్ పేరు పిలిచే ఆఖరి నిమిషాల్లో. డిసెంబరుకల్లా పెనిక్స్ ఆడుతున్నాడు.

దీనికి ఎదురుగా ఎప్పుడూ నా కళ్ల ముందుకొచ్చేది మళ్లీ అలెక్స్ స్మితే. 2012లో తలకు దెబ్బ తగిలి ఒక వారం ఆగితే శాన్‌ఫ్రాన్సిస్కోలో అతని చోటు కోలిన్ కెపర్నిక్‌కి పోయింది. కాన్సస్ సిటీ వెళ్లాడు. అక్కడ ఆండీ రీడ్, చివరికి దొరికిన స్థిరమైన గురువు. 2017లో రీడ్ పదో ఆటగాడిగా ప్యాట్రిక్ మహోమ్స్‌ని తెచ్చాడు. తన కుర్చీలో కూర్చోబోయే కుర్రవాడు అని తెలిసీ స్మిత్ తాను మ్యాచ్‌కి ఎలా తయారవుతాడో అంతా చూడనిచ్చాడు. ఆ మేలు మహోమ్స్ చాలాసార్లు నలుగురిలో చెప్పుకున్నాడు. ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే మంచి పాసర్ రేటింగ్ స్మిత్‌దే. అయినా మరుసటి ఏడాది అతన్ని వాషింగ్టన్‌కి పంపారు. మహోమ్స్ మొదటి పూర్తి సీజన్‌లో 50 టచ్‌డౌన్లు. ఆ నవంబరులోనే స్మిత్ కాలు విరిగింది, 17 ఆపరేషన్లయ్యాయి. 2020 అక్టోబరులో మళ్లీ మైదానంలోకి నడిచొచ్చాడు. ఒకప్పుడు ఇతన్ని చేతకానివాడన్నాను నేను.

ఇక ఎంపిక. లఫ్లూర్ వచ్చిన ఏడాదికి లవ్ వచ్చాడు. ముందు కోచ్, తర్వాత క్వార్టర్‌బ్యాక్. ఆ వరుస చాలా ముఖ్యం. మొదటి సీజన్ లవ్ ఒక్క మ్యాచ్‌కి కూడా యూనిఫాం వేసుకోలేదు. రెండో ఏడాది రాడ్జర్స్‌కి కోవిడ్ వస్తే కాన్సస్ సిటీలో ఒక మ్యాచ్ ఆడాడు, 13-7తో ఓడాడు. ఫెయిల్ అని రాసేశారు. 2022లో గ్రీన్ బే, రిటైరైన ఒక పెద్దాయన్ని పిలిచి క్వార్టర్‌బ్యాక్‌లను అప్పగించింది. టామ్ క్లెమెంట్స్. 2006లో రాడ్జర్స్ పక్కన కూర్చున్న ఆయనే. నాకు ఆ వార్త చదివినప్పుడు ఒళ్లు పులకరించింది.

2023 ఏప్రిల్‌లో రాడ్జర్స్‌ని పంపారు, అదీ జెట్స్‌కే. సెప్టెంబరు 11న నాలుగో బంతికే అతని మడమ వెనక స్నాయువు (అకిలీస్) తెగింది. ఆ రాత్రి నేను టీవీ కట్టేశాను. ఇక్కడ లవ్ మొదటి తొమ్మిదిలో ఆరు ఓడాడు. మిల్వాకీలో ప్రతి టీ బల్ల దగ్గరా లఫ్లూర్ ఉద్యోగం గురించే. ఇద్దరినీ కదపలేదు. 2009 జనవరిలో లాగే. తర్వాతి ఎనిమిదిలో ఆరు గెలిచి చివరి స్థానంలో ప్లేఆఫ్స్‌కి వచ్చారు. సీజన్‌లో లవ్ వేసిన టచ్‌డౌన్లు 32.

మొదటి ప్లేఆఫ్ మ్యాచ్ డాలస్‌లో. 2024 జనవరి 14, ఆదివారం, భోగి. మర్నాడు సెలవు కూడా కావడంతో సంక్రాంతికి ఫ్రిస్కోలో అక్క ఇంటికి వెళ్లాం. డాలస్ జట్టు కౌబాయ్స్ ప్రాక్టీసు మైదానం అదే ఊళ్లో ఉంది, వాళ్ల వీధిలో సగం తెలుగువాళ్లే, సగం ఇళ్ల మీద నీలం నక్షత్రం జెండాలే. పొద్దున పిల్లలకు భోగిపళ్లు పోశారు. రేగుపళ్లు దొరకవని నేను విస్కాన్సిన్ నుంచి క్రాన్‌బెర్రీలు పట్టుకెళ్లాను, వాటిలో చిల్లర, చామంతి రేకలు కలిపారు. మూడున్నరకి మ్యాచ్. డాలస్ కోచ్ మైక్ మెకార్తీ.

రెండో క్వార్టర్‌లోనే 27-0 అయింది. బావ ఒక్క మాట మాట్లాడలేదు. లవ్ 21 పాస్‌లు వేసి 16 అందించాడు, మూడు టచ్‌డౌన్లు. 48-32. కెమెరా మాటిమాటికీ మెకార్తీ ముఖం మీదకు వెళ్లేది. అవతల గట్టున క్లెమెంట్స్ ఉన్నాడు, ఒకప్పుడు ఈయన పక్కన నిలబడ్డవాడే. నాకు సంతోషం పట్టలేనంతగా ఉంది, అయినా ఆయన ముఖం చూసి గొంతు పట్టుకుంది. నేను వచ్చిన ఈ రాష్ట్రానికి ఆయన ఇచ్చినది నాకు తెలుసు.

"ఏరా, ఈయన్ని తీసేస్తారంటావా?" అన్నాడు బావ.

"ఏమో బావా. తీసేస్తే మీ క్వార్టర్‌బ్యాక్ డాక్‌కి మళ్లీ కొత్త పుస్తకమే కదా."

"వాడికి ముప్పై దాటింది. వెనక ఎవరున్నారు చెప్పు." టీవీ కట్టేసి రిమోట్ పక్కన పెట్టాడు. మేనకోడలు సోఫా కిందకు చెయ్యి పెట్టి, పొద్దున దొర్లిపోయిన క్రాన్‌బెర్రీలు ఒక్కొక్కటే ఏరి వాళ్ల నాన్న ఒళ్లో వేస్తోంది.